తుమ్మును గీసిన టీచర్

లక్ష్మీకాంతరావు దొర మునిమనవణ్ని, మాధవరావు దొర మనవణ్ని అయిన నేను, ఈ ఉదయం ఖమ్మం మిర్చి మార్కెట్ ముందు నడిరోడ్డు మీద నిలబడి ఊపిరాడకుండా తుమ్మాను. మా ముత్తాత గుర్రమెక్కి వస్తుంటే అడవి అంచు ఊళ్లలో అరుగుల మీది పెద్దమనుషులు లేచి నిలబడేవారట. మా తాత అడవిలో చెట్లు కొట్టే కలప కూపులు గుత్తకు పట్టి, గోదావరి ఒడ్డు దాకా టేకు దుంగలు పంపిన మనిషి. ఆయన తల ఊపితే తప్ప బండి కదిలేది కాదు. మా నాన్న రాఘవరావు గారి నాటికి గుర్రం లేదు, కూపులు లేవు, సగం ఇంటికి కప్పు లేదు. ఇస్త్రీ పంచె, నిటారుగా ఉండే వెన్ను మాత్రం మిగిలాయి. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. చెప్పకుండా దాచితే నేనెవరో మీకు సగమే తెలుస్తుంది.

లారీ నుంచి మిరప బస్తాలు దించుతున్నారు. గాలి నా వైపు మళ్లింది. తుమ్ము రాబోయే ముందు ఒక క్షణం ఉంటుంది చూడండి, కళ్ల వెనక ఎర్రగా ఏదో వెలిగి, లోకమంతా ఆగి, ఇంకేమీ కనిపించని క్షణం. దానిలోనే నాకు జమున టీచర్ గీసిన బొమ్మ కనిపించింది. హమాలీలు వింతగా చూస్తున్నా పట్టించుకోకుండా, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను. ఆమె ఇప్పుడు లేరు. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని అక్కడే, ఆ ఘాటులోనే అనుకున్నాను.

జమున టీచర్ తిరుమలాయపాలెం దగ్గర ఒక తండాలో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదువుకుని భద్రాచలంలో ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నవ్వితే పక్క గదిలో వాళ్లకు కూడా నవ్వు వచ్చేది. నేను ఆమెను మొదటిసారి చూసింది కొత్త శతాబ్దం మొదలైన తొలి ఏళ్లలో, ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాలులో పెట్టిన చిత్ర ప్రదర్శనలో. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. ఫోటోలు చూసి మా పూర్వీకుల బొమ్మలు వేస్తుండేవాణ్ని. మీసం వెంట్రుకతో సహా దిగేది. నాకు నేనే పెద్ద చిత్రకారుణ్ని.

హాలు చివర గోడ నిండా ఒక ఎర్ర బొమ్మ ఉంది. మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఎరుపు మీద ఎరుపు, మధ్యలో ఒకచోట తెల్లగా పగిలినట్టు ఉంది. కింద చీటీ మీద 'ఖమ్మం మిర్చి మార్కెట్' అని రాసి ఉంది. నేను పైకే నవ్వాను.

"ఏంది, గట్ల నవ్వుతున్నవ్?" వెనక నుంచి గొంతు వినిపించింది.

"మార్కెట్ అని రాశారు. ఒక్క మిరపకాయ కూడా లేదు కదండీ?"

"మిరపకాయ గీస్తే కూరగాయల చార్ట్ అయితది. బడిల గోడకు కట్టుకోవచ్చు. నేను తుమ్మును గీసిన."

మళ్లీ బొమ్మ వైపు తిరిగాను. ఆ తెల్లటి పగులు దగ్గర నిజంగానే ముక్కులో ఏదో కదిలింది! మార్కెట్లో నిలబడినప్పుడు మనం చూసేది కాయల్ని కాదు. కళ్లు మూసుకుపోయి ఏమీ చూడలేం. ఆ చూడలేకపోవడాన్ని ఈమె గోడంత చేసి పెట్టింది. వెంటనే నన్ను నేను పరిచయం చేసుకున్నాను, మా ఇంట్లో అలవాటైన పద్ధతిలో, ముత్తాత నుంచి మొదలుపెట్టి.

ఆమె అంతా విని కళ్లు పెద్దవి చేశారు. "మాధవరావు దొర మనవడివా? మా తాత మీ తాత కలప బండ్లు తోలిండు! అయితే మనం పాత చుట్టాలమే. ఏం దొరా, నీ బొమ్మలు చూపెట్టవా?"

ఆ రోజు నుంచి చివరిదాకా ఆమె నన్ను దొరా అనే పిలిచారు. అందులో ఎంత వెక్కిరింపో, ఎంత ముద్దో నేను ఏనాడూ తేల్చుకోలేకపోయాను.

తర్వాతి ఆదివారం బొమ్మలు చుట్టకట్టి భద్రాచలం వెళ్లాను. నాకు తొందర ఉంది. మాకు మిగిలిన ఆఖరి భూమి ఇప్పల చెలక. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, గిరిజన ఏజెన్సీ హద్దుకు కాస్త ఇవతల, అడవిని ఆనుకుని ఉన్న ఎర్రనేల. ఇప్పచెట్లు ఉండబట్టి ఆ పేరు. ఎండాకాలం పోయేలోపు దాన్ని అమ్మేస్తానని నాన్న చెప్పేశారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక రైతు కుటుంబం చూసి వెళ్లింది కూడా. అది పోయేలోపు దాన్ని బొమ్మలో పట్టుకోవాలి, కాగితం మీదైనా అది మాదిగా ఉండాలి. నా పట్టుదల అదే. అప్పటికే దాన్ని ఎన్ని వైపుల నుంచో గీశాను. ఒక్కటీ చెలకలా లేదు. అన్నీ ఉన్నాయి, చెలక లేదు.

ఆమె బొమ్మలన్నీ నేల మీద పరిపించారు. "ఇదేంది?"

"దక్షిణం హద్దు రాయి."

"ఇది?"

"మా తాత తవ్వించిన బావి. ఆ పక్కది పాలివాళ్ల చేను. ఈ గట్టు మాదే."

"ఇంక ఈ రాయి?"

"తూర్పు హద్దు."

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని బొమ్మల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "దొరా, ఇవి బొమ్మలు కావు. పట్టా పాస్‌బుక్కులు. ఇవి పట్టుకపోతే బ్యాంకోళ్లు లోన్ ఇస్తరు." అని తన మాటకు తానే పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు నా చెవులు వేడెక్కాయి. కానీ నవ్వు ఆగాక నెమ్మదిగా అన్నారు. "నీకు ఆ జాగ అంటే పాణం. అది కనబడుతున్నది. గని నీ కన్ను రాయికాడ మొదలై రాయికాడ ఆగుతున్నది. నడుమ ఏమున్నదో చూస్తలేదు."

మొదటి పాఠం బస్సులో జరిగింది. ఆమెకు తండాలో ఏదో పని ఉండి సెలవు రోజున ఖమ్మం వచ్చారు. తిరిగి భద్రాచలం వెళ్లేటప్పుడు నన్నూ వెంట తీసుకుని, కిటికీ పక్క కూర్చోబెట్టారు. "పేర్లు చెప్పొద్దు. చెట్టు అనొద్దు, చేను అనొద్దు. ఏం తాకిందో అది చెప్పు."

బయట మిరప కల్లాలు. "ఎరుపు" అన్నాను.

"గది డబ్బా మీద రాసి ఉంటది. ఎసొంటి ఎరుపు?"

"గొంతులో గరగరమనే ఎరుపు."

"అబ్బో! గిప్పుడు బడిల చేరినవ్."

ముందు సీట్లో గంప ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ వెనక్కి తిరిగింది. "ఏం ఆట బిడ్డా ఇది? నేను కూడ చెప్పనా?"

"చెప్పు అవ్వా."

ముసలమ్మ బయట దున్ని వదిలేసిన ఎర్ర చెలకను చాలాసేపు చూసింది. "మాడిన జొన్నరొట్టె అడుగు లెక్క ఉన్నది."

టీచర్ సీటు మీద చరిచారు. "విన్నవా దొరా! గది రంగంటె!"

ఇక బస్సు సగం ఆ ఆటలో దిగింది. టేకు అడవి ఆకు రాల్చి నిలబడ్డ చోట ఒకాయన 'దువ్వని జుట్టు' అన్నాడు. బొగ్గు లారీ పక్కనుంచి పోతే వెనక నుంచి ఎవరో 'మా ఆయన లుంగీ' అన్నారు, అంతా నవ్వారు. కండక్టర్ టికెట్లు చింపుతూ, "నాకు రోజూ దుమ్ము ఒక్కటే కనబడతది టీచరమ్మా" అన్నాడు. "ఆ దుమ్ము ఏ రంగు?" అని ఆమె నిలదీశారు. అతను రాడ్డుకు ఆనుకుని నిజంగా ఆలోచనలో పడ్డాడు. "డ్యూటీ ఎక్కినప్పుడు తెల్లగ ఉంటది. దిగేటప్పటికి నా చొక్కా రంగయితది" అన్నాడు, తానే ఆశ్చర్యపోయినట్టు. ఈలోగా వెనక నుంచి కేక, "ఓ అన్నా, నా స్టేజీ దాటిపోయింది, ఈల కొట్టు!" వంతెన మీదికి ఎక్కి గోదావరి కనిపించేసరికి నేను పిచ్చివాడిలా మాట్లాడుతున్నాను. చిన్నప్పటి నుంచి తిరిగిన దారి అది. ఆ రోజే చూశాను.

భద్రాచలంలో ఆమెది కిరాయి ఇల్లు, వరదొస్తే నీళ్లు వచ్చే వాడలో. ముందు గది గోడకు నడుమెత్తున బురద గీత ఉండేది. దాని కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు. ఇంటి యజమాని సున్నం వేయిస్తానంటే ఆమె వేయనివ్వలేదు. "ఈ ఊరికి రాకముందు నేను నీలం గోదావరి గీసిన" అని చెప్పారు ఒకసారి. "అందరు గీస్తరు గద. మొదటి వరదకు ఇంట్లకు వచ్చిపోయింది. బియ్యం డబ్బాలోకి, పుస్తకాలలోకి, దిండులోకి. ఒండ్రు ఎత్తిపోసుకుంట చూసిన, ఎక్కడ నీలం? మట్టి నడుచుకుంట వచ్చి, కూసొని, లేచిపోయినట్టు ఉన్నది. ఆనాటి నుంచి నా చెయ్యి మారింది. నేను మార్చలె. ఈ ఊరు మార్చింది." ఆ ఒండ్రునే జిగురులో కలిపి ఆమె బొమ్మలకు వాడేవారు. ఆ బొమ్మల దగ్గరికి వెళ్తే నీళ్లు దిగిపోయిన ఇంటి చల్లదనం నిజంగా తగిలేది.

ఆమె పని పద్ధతి నాకు మింగుడు పడలేదు. స్టాండు లేదు. గాడా అనే ముతక గుడ్డకు సుద్ద, జిగురు పట్టించి నేల మీద పరిచేవారు. గొంతుక్కూర్చుని, గుడ్డ పీలిక రంగులో ముంచి, అరచేతితో అర్ధచంద్రాల్లా పూస్తూ వెనక్కి వెనక్కి జరిగేవారు. "ఇది కాలేజీల నేర్పలె. మా అమ్మ తండాల ఇల్లు అలుకుతుంటే చూసి పట్టుకున్న. అలికేటోళ్లు ముందుకు పోతే అలికింది తొక్కుతరు. అందుకే ఎనక్కి జరుగుతరు. ముందు నుంచి చేసుకున్నదంతా కండ్ల ముందటనే ఉంటది. కూసో, నువ్వు కూడ అలుకు."

"నేను నిలబడే వేస్తాను టీచర్. మా ఇంట్లో మగవాళ్లు గొంతుక్కూర్చోరు."

"గట్లనా? మరి మీ తాత దుంగలు ఎట్ల కొలిచిండు?"

"కొలిచేవాళ్లు వేరే ఉండేవాళ్లు."

"అందుకే పోయినయ్!"

నేను బ్రష్షు అక్కడే పడేసి కరకట్ట దాకా విసురుగా నడిచాను. ఎండకు మాడు పగిలింది. తిరిగి వచ్చేసరికి నా టీ గ్లాసు మీద సాసర్ మూతపెట్టి ఉంది. ఆమె తల ఎత్తకుండానే "చల్లారింది, వేడి చేసుకో" అన్నారు. వేడి చేసుకుని, నిలబడే తాగాను. నిలబడే బొమ్మలు వేశాను, ఎన్నో వారాలు. హద్దు రాళ్లు తీసేశాను, బావి తీసేశాను. అప్పుడు మిగిలింది శుభ్రమైన ఎర్ర గోడ. దానిలో ఎండ లేదు, గాలి లేదు.

ఇప్పపూలు రాలడం మొదలైంది. రిజిస్ట్రేషన్‌కు మంచి రోజు చూడమని నాన్న పంతులుగారికి కబురు పంపారు. నేను భద్రాచలం పరుగెత్తి ఆ మాట చెబితే, టీచర్ గుడ్డ కొలవడం మొదలుపెట్టారు. "ఇంట్ల కూసొని చెలకను తలుచుకుంటే వస్తదా? ఈ ఆదివారం గుడ్డ పట్టుకొని నేనే వస్త."

వచ్చారు. రెండు గుడ్డలు కలిపి కుట్టించిన పొడవాటి చుట్ట భుజాన వేసుకుని, తెల్లవారి బస్సుకు. చెలకలో అడుగుపెట్టగానే చెప్పులు విప్పేశారు. ఇప్పచెట్లకు ఆకు లేదు, కొమ్మల చివర రాగి చిగుళ్లు. నేలంతా పాలపూసల్లా పూలు, తియ్యని మత్తు వాసన. బండిబాట దగ్గర గుడ్డ పరిచి, మూలల మీద రాళ్లు పెట్టారు. పై అంచు అడవి వైపు. "నువ్వు అడవికాడ మొదలుపెట్టు. ఎనక్కి రా. నేను మాట్లాడ."

నిలబడి చూశాను. చేయి అందదు. ఆ పొడవు గుడ్డను నిలబడి వేసే దారే లేదు. చుట్టూ ఎవరూ లేరని ఒకసారి చూసుకుని గొంతుక్కూర్చున్నాను.

ఏమని చెప్పను! నేల వేడి ముఖానికి కొట్టింది. అడవి నుంచి దిగే నీడకు నేల మీద అంచు ఉండదని, అది పొగలా పాకుతుందని, నిలబడ్డ ఎత్తు నుంచి నాకు ఎన్నడూ కనబడలేదు. చెలక మట్టినే పిడికిట పట్టి జిగురులో కలిపాను. చేయి దానంతటదే అర్ధచంద్రాలు తిరిగింది. ఎరుపు, దాని మీద మాడిన ఎరుపు, నడుమ ఇప్పపూల పసిమి, ఎండ పగిలే తెలుపు. వెనక్కి జరుగుతున్నాను. పూస్తున్నాను. నవ్వుతున్నాను కూడా, టీచర్ తర్వాత చెప్పారు. పొద్దెక్కింది, తిరిగింది. ఆకలి తెలియలేదు.

"ఏందిరా ఇది? లే పైకి!"

నాన్న. ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు. అవతలి గట్టు మీదుగా చెలకలోకి వచ్చి, గుడ్డకు అడవి వైపు అంచున నిలబడి ఉన్నారు. కొడుకు మట్టి చేతులతో నేల మీద. పక్కన ఆమె.

"నమస్తే సార్" అన్నారు టీచర్.

"ఎవరమ్మా నువ్వు?"

"మీ నాయన కలప బండ్లు తోలినాయన మనవరాలిని సార్. మీ కొడుక్కు బొమ్మలు నేర్పుతున్న."

నాన్న ముఖం బిగిసింది. కాసేపటికి చూపు గుడ్డ మీదికి దిగింది. నేను చేయి గుడ్డ మీది నుంచి తీయలేదు. మిగిలిన జానెడు పూత వదిలి లేవమంటారని భయం. లేస్తే ఆ చేయి మళ్లీ రాదని నాకు తెలుసు.

"ఏది? ఇందులో మన చెలక ఏది? హద్దు రాళ్లేవి?"

"లేవు నాన్నా."

ఆయన గొడుగు మూసి, దాని కొనతో గుడ్డకు తగలకుండా గాల్లో చూపించారు. "ఇది... వాగు దిక్కు నుంచి గాలి మళ్లేది ఇక్కడనే కదరా? పెద్ద ఇప్పచెట్టు కింద?"

అక్కడ నేను చెట్టు వేయలేదు. రంగు పలచబడి ఒక పక్కకు వాలిందంతే. "అవును నాన్నా!" అన్నాను, దాదాపు అరిచినట్టు.

"చిన్నప్పుడు అక్కడ పండుకునేది నేను" అన్నారు ఆయన, ఎవరితోనో అన్నట్టు. తర్వాత నా వైపు తల ఊపారు. "కానీయ్."

ఆఖరి పూత పూసి లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. కింద చూసుకుంటే నా పాదాలు బండిబాట దుమ్ములో ఉన్నాయి. హద్దు రాయి నాకు ముందు, పక్కగా ఉంది. ఎప్పుడు దాటానో తెలియదు. అటువైపు చెలకలో నాన్న, ఇటువైపు బాట మీద నేను, నడుమ తడి ఆరని గుడ్డ. టీచర్ ముఖం చూశాను. గుడ్డ తోక బాట మీదికి వచ్చేలా పరిచింది ఆమే. ఆమె మాత్రం ఏమీ ఎరగనట్టు పూలు ఏరుకుంటున్నారు.

"నేనెట్ల రావాలె అటు?" అన్నారు నాన్న.

"అంచు పట్టుకొని రండి సార్. తొక్కకుండ్రి."

నాన్న పంచె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, గుడ్డ అంచు వెంట జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ బాట మీదికి వచ్చారు.

ఆ వేసవిలోనే ఖమ్మంలో ఇంకో ప్రదర్శన జరిగింది. టీచర్ తన బొమ్మల పక్కన నాదీ పెట్టించారు. చీటీ మీద నేను 'ఇప్పల చెలక' అని, కింద మా ఇంటిపేరు, ఊరు, మండలం రాశాను. ఆమె మొదటి రెండు మాటలు ఉంచి మిగతాది కత్తిరించి పారేశారు. మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి బొమ్మ ముందు నిలబడిపోయాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట. చెమట తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"ఇది మా బోనకల్లు దిక్కుదే గద? స్టేషన్ ఎనక చేను. మా నాయన ఎండల గొర్రు తోలుతుంటె అన్నం పట్టుకపోయేది. గదే ఎండ. గీదే!"

నా వెన్ను నిటారుగా లేచింది. బోనకల్లు ఏమిటి, ఇది మాధవరావు దొర ఇప్పల చెలక, తరతరాలుగా మాది, అని నోటి చివర దాకా వచ్చింది. టీచర్ నా మోచేతి దగ్గర గట్టిగా గిల్లారు. "దొరా," అన్నారు చెవిలో, "ఆయన చేనుకు ఆయనను పోనీయ్."

పెద్దాయన నా జవాబు కోసం చూస్తున్నాడు. హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"అవునండీ" అన్నాను. "బోనకల్లే."

ఆ మాట అనగానే నాలో ఏదో తేలికై ఎగిరింది. ఇంతవరకూ అంత సంతోషంగా నేను ఏ అబద్ధమూ ఆడలేదు. అసలు అది అబద్ధమేనా అని ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటాను, నాలో నేను. ఆయన బొమ్మను కొనుక్కుని, రైల్లో తీసుకుపోవడానికి తాడు అడిగాడు. టీచరూ నేనూ కలిసి కట్టి ఇచ్చాం.

తర్వాత ఆమెకు బదిలీ అయింది. ఎక్కడికి వెళ్తే అక్కడి నేలను బట్టి ఆమె రంగులు మారాయని విన్నాను, కొన్ని చూశాను. నేను ఖమ్మంలోనే ఉన్నాను. పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. మొదటి రోజు వాళ్లను వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్నదాన్ని పేరు పెట్టి పిలవకుండా చెప్పమంటాను. మా వీధిలో రోడ్డు తవ్వినా, ఎవరి ఇంటికైనా పునాది తీసినా గిన్నె పట్టుకుని వెళ్తాను. ఆ మట్టి తడిపి చూస్తేగాని నాకు తోచదు.

ఇప్పల చెలకను ఆ జ్యేష్ఠ మాసంలో అమ్మేశాం. కొన్నవాళ్లు ఇప్పచెట్లు కొట్టించి జామాయిల్ తోట వేశారు.